మిరపకోతల్లో రెండు చుక్కలు

మా అక్క ఎడమకాలంటే నాకు కుళ్లు.

అందమైన కాలేం కాదది. మోకాలి కింద నుంచి చిక్కిపోయి, పాదం లోపలికి తిరిగి, కుడికాలి కంటే పొట్టిగా ఉండేది. పసితనంలో పోలియో వచ్చి పడిపోయిన కాలు. నడిచేటప్పుడు అక్క ఎడమచేతిని తొడకి ఆనించి, నొక్కిపట్టి అడుగు వేసేది. ఆ కాలు చూసి ఊళ్లో ప్రతివాళ్లూ అయ్యో అనేవాళ్లు. నాకు రెండు కాళ్లూ బాగున్న పాపానికి నన్ను చూసి ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. బాగుంటే పట్టించుకోకపోవడం ఏం న్యాయమో నాకు ఈ వయసుకి కూడా అర్థం కాలేదు.

గుంటూరు జిల్లాలో మిరపా పత్తీ తప్ప ఇంకో మాట వినపడని ఊరు మాది. నాన్నకి సొంత చేను కొంచెం, కౌలు చేను ఎక్కువ. ఇంట్లో అమ్మా నాన్నా నాయనమ్మా, అక్కా నేనూ. అక్క నాకంటే ఐదేళ్లు పెద్ద. కోడి గుడ్డు పెడితే అది అక్కకి. పాల మీద మీగడ అక్కకి. వేసవిలో కిటికీ పక్క మంచం అక్కకి. అదేమని అడిగితే, "దానికి బలం కావాలే. నువ్వు దుక్కలా ఉన్నావుగా" అనేది అమ్మ. దుక్కలా ఉండటం నా నేరం. ఆ దుక్క చేతే కదా బడికి రెండు పుస్తకాల సంచులు మోయించింది. అక్క హోంవర్కు చెయ్యకపోతే మాస్టారు "పర్లేదులే అమ్మా, కూర్చో" అనేవాడు. నేను చెయ్యకపోతే గోడకుర్చీ వేయించేవాడు. ఆయన కూడా అక్క వైపే.

అన్నిటికంటే నా కళ్లలో నిప్పులు పోసింది సాయంత్రపు నూనె. పొద్దుగూకే వేళకి అమ్మ చేలో నుంచి వచ్చి, స్నానం చేసి, నువ్వులనూనె వెచ్చజేసుకుని అక్క పక్కన కూర్చునేది. ఆ సన్నటి కాలిని ఒళ్లో పెట్టుకుని తొడ నుంచి వేళ్ల దాకా నెమ్మదిగా పట్టేది. ఒకరోజు కూడా మానలేదు. నేను ఎదురుగా కూర్చుని అమ్మ చేతులు చూసేదాన్ని. నాకు తలంటు పోసేటప్పుడు ఆ చేతులు ఎంత హడావిడిగా ఉండేవో. కళ్లలో కుంకుడు పడి ఏడిస్తే నెత్తిన ఒకటి మొట్టేవి కూడా. అక్క కాలి మీద మాత్రం వాటికి ఎక్కడ లేని ఓపికా వచ్చేది.

ఆ తర్వాత బూటు వచ్చింది. ఇనప బద్దలున్న బూటు, తోలు పట్టీలతో. కాలు పెరిగినప్పుడల్లా కొత్తదానికి కొలతలు ఇవ్వాలి కాబట్టి, అమ్మా అక్కా పాసింజరు బండెక్కి గుంటూరు వెళ్లేవాళ్లు. నల్లపాడు వచ్చిందంటే గుంటూరు వచ్చినట్టే అని అక్క నాకు చెప్పేది, నేనేదో లోకం చూడనిదాన్నయినట్టు. చూడలేదు మరి. ఇంట్లో నాయనమ్మ దగ్గర పెసరపప్పు తింటూ ఉన్నాను. వాళ్లు హోటల్లో పూరీ తిని, రెండు రిబ్బన్లు కొనుక్కుని వచ్చేవాళ్లు. రిబ్బన్లలో ఒకటి నాదే అనుకోండి. పూరీ సంగతో?

రెండో తరగతిలోనో మూడో తరగతిలోనో ఇక ఉండబట్టలేక నేనూ కుంటడం మొదలుపెట్టాను. బడి నుంచి ఎడమకాలు ఈడ్చుకుంటూ ఇంటికొచ్చాను. వాకిట్లో కందులు చెరుగుతున్న అమ్మ నన్ను చూసి చాట కింద పడేసింది. నన్ను మంచం మీద కూర్చోబెట్టి కాలంతా నొక్కింది. అరికాలు గోటితో గీకి, "తెలుస్తోందా? ఇక్కడ తెలుస్తోందా?" అని అడిగింది. పెదవులు ఎండిపోయాయి అమ్మకి. నేను స్వర్గంలో ఉన్నాను. తెలియట్లేదన్నాను. అమ్మ నా కాలిని రెండు చేతులతో పట్టుకుని అలాగే కూర్చుంది. ఇంతలో వీధిలో ఐసుఫ్రూటు బండి గంట మోగింది. నా ఖర్మ. రెండు కాళ్లతోనూ పరిగెత్తాను.

వెనక్కి వచ్చాక వీపు పగిలిందనుకోండి. అది మామూలే. కొట్టాక అమ్మ నన్ను నడిపించింది. ఈ గోడ నుంచి ఆ గోడకి, ఆ గోడ నుంచి ఈ గోడకి. "నడువు. మళ్లీ నడువు." దీపాలు పెట్టేదాకా నడిపిస్తూనే ఉంది. చివరికి నాయనమ్మ, "ఇక ఆపవే, దానికి కాళ్లు పడిపోయేట్టున్నాయి" అంది. అనగానే నాలిక కరుచుకుంది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు.

నాయనమ్మ సంగతి చెప్పాలి. ఆమె ముఖం నిండా మశూచి మచ్చలు. చిన్నప్పుడు వచ్చిందట. ఆమె తమ్ముడూ చెల్లెలూ దాంతోనే పోయారు. అప్పట్లో దాన్ని జబ్బు అనేవాళ్లు కాదు, పెద్దమ్మవారు పోసిందనేవాళ్లు. వేపమండలు గుమ్మానికి కట్టి, చల్లకుండ ముందు పెట్టుకుని, ఎవరు మిగులుతారో ఎవరు పోతారో చూస్తూ కూర్చోవడమే. కొన్నాళ్లకి టీకాలవాళ్లు ఊరూరూ తిరిగారు. వాళ్లు వస్తున్నారంటే చాలు, పిల్లల్ని గడ్డివాముల వెనకా గాదెల్లోనూ దాచేసేవాళ్లట. టీకా వేస్తే అమ్మవారికి కోపం వస్తుందని ఒకరు, చెయ్యి పుచ్చిపోతుందని ఒకరు. మా అమ్మని దాచడానికి వాళ్లింట్లో తీరిక లేకపోయింది. అందుకే ఆమె జబ్బ మీద రెండు గుండ్రటి మచ్చలు ఉండేవి, పాత పైసలంత.

"నాయనమ్మకి ముఖమంతా మచ్చలు, అమ్మకి జబ్బ మీద రెండే, మనకి అవీ లేవు. మనం వచ్చేసరికి ఆ జబ్బే లోకంలో లేకుండా పోయింది. ఎందుకు పోయిందో చెప్పు?" అని అక్క నన్ను అడిగింది ఒకసారి. అప్పటికే దానికి టీచరమ్మ బుద్ధి.

"నువ్వే చెప్పు, నీకే కదా అన్నీ తెలుసు."

"అంటుకోడానికి మనిషి దొరక్కపోతే పోయిద్ది. అంతే. అందరికీ వేసేశారు. దానికి ఇల్లు లేకుండా చేశారు."

నా ఎడమ జబ్బ మీద క్షయ రాకుండా వేసిన టీకా మచ్చ ఒకటుంది, కందిగింజంత. అక్కకి అదీ లేదు, నున్నటి భుజం. చేతుల్లేని జాకెట్టు వేసుకుంటే ఎంత బాగుంటుందో అని దానికీ కుళ్లుకున్నాను. కాలు సరే, భుజం కూడా దానికేనా అని.

పదో తరగతి తర్వాత అక్క ప్రైవేటుగా చదువుకుంది. తొంభైల చివర్లో ఊళ్లో అంగన్‌వాడీ టీచరయింది. అదే రోజుల్లో పోలియో ఆదివారాలు జోరందుకున్నాయి. ఐదేళ్లలోపు పిల్లలందరికీ ఒకే రోజు చుక్కలు, దేశం మొత్తం. బడి వరండాలో బల్ల వేసి, ఐసు డబ్బా పెట్టుకుని, నర్సమ్మా అక్కా కూర్చునేవాళ్లు. చుక్కలు పడ్డ పిల్లల ఎడమచేతి చిటికెనవేలి గోటికి సిరా గుర్తు. ఆ తర్వాత రెండు రోజులు ఇల్లిల్లూ తిరిగి, రానివాళ్లని పట్టుకోవాలి.

ఊళ్లో నస పెట్టేవాళ్లు ఉండరా? చుక్కలు వేస్తే పిల్లలు పుట్టరని పుకారు. మా వాడికి పోయినసారి వేశారుగా మళ్లీ ఎందుకని గొడవ. నర్సమ్మ గొంతు పోయేట్టు చెప్పేది. వినేవాళ్లు కాదు. అప్పుడు అక్క లేచేది. ఏమీ మాట్లాడేది కాదు. తొడ మీద చెయ్యి ఆనించి, వాళ్ల వాకిట్లో ఆ చివర నుంచి ఈ చివరకి నడిచి వచ్చి, అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడిగేది. ఆ ఇంటి కోడలు మంచినీళ్లతో పాటు పిల్లాడిని కూడా తెచ్చి ఇచ్చేది.

చూశారా, దాని పలుకుబడి. నేను గంటసేపు వాదించినా నా మాట వినేవాడు లేడు. ఆవిడ నాలుగడుగులు వేస్తే ఊరంతా నోరు తెరిచేది. మండల ఆస్పత్రి పెద్ద డాక్టరు గారు జీపు దిగి, "ఏమ్మా టీచరమ్మా, ఎంతమంది మిగిలారు?" అని దాన్నే అడిగేవారు. కుర్చీ దానికి. టీ దానికి. ఐసు డబ్బా మోసుకొచ్చి పెట్టిన నన్ను, "ఈ అమ్మాయి ఎవరు?" అని కూడా ఎవరూ అడగలేదు.

ఎందుకు మోశానంటే, ఇంటర్ లెక్కల్లో తప్పి ఇంట్లో కూర్చున్న ఏడాది అది. రెండు వేలు దాటి ఒకటో రెండో ఏళ్లయి ఉంటాయి. నాన్న పాత మోపెడ్ నడపడం నాకొచ్చు, అక్కకి రాదు. "ఖాళీగానే ఉన్నావుగా, అక్కని తిప్పు" అని అమ్మ ఆర్డరు వేసింది. చిన్నప్పుడు సంచీ మోశాను, ఇప్పుడు మనిషినే మోస్తున్నాను. ఆవిడ వెనక దర్జాగా డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే ముందు నేను, డ్రైవర్ని.

ఆ ఏడు మిరపకోతలు ముమ్మరంగా ఉన్నప్పుడు పోలియో ఆదివారం వచ్చింది. ఆదివారం అయింది, సోమవారం అయింది, మంగళవారం మధ్యాహ్నానికి ఊళ్లో ఇళ్లన్నీ అయిపోయాయి. మిగిలింది ఒక్క కోత ముఠా. ప్రకాశం జిల్లా పడమటి మెట్ట ఊళ్ల నుంచి పిల్లాజెల్లాతో వచ్చి, కాలవ అవతల చేలగట్టు మీద గుడారాలు వేసుకున్నవాళ్లు. ఆదివారం నాడు కోత ఆపి బడికి రాలేదు. నర్సమ్మ పక్క పల్లెకి వెళ్లిపోయింది. మర్నాడు తెల్లవారుజామున ముఠా లారీ ఎక్కి వేరే ఊరికి పోతుందని కబురు తెలిసింది.

"పోతే పోనీ. ఆ ఊళ్లో వేస్తారులే" అన్నాను. ఎండలో గట్ల వెంట బండి నడపడం నాకు ఇష్టం లేదు.

"వెయ్యరు. ఆ ఊరోళ్లు వీళ్లు మా లెక్కలో లేరంటారు. సొంతూళ్లో వలసపోయారంటారు. ఇక్కడ మనం కోతల్లో ఉన్నారనుకుంటాం. మధ్యలో పిల్ల మిగిలిపోయిద్ది. పద." అక్క అప్పటికే బండి ఎక్కేసింది. డబ్బాలో ఐసు కూడా సాయంత్రం దాకా ఆగేట్టు లేదు. ఆగకపోతే మందు పాడవుతుంది. సాయంత్రంలోపు ఆ పిల్లల నోట్లో చుక్కలు పడాలి, లేదంటే ఇక పడవు. సంగతి అంత సూటిగా ఉంది.

గుడారాల దగ్గర మేస్త్రి అడ్డం వచ్చాడు. పెద్దమనిషి, తలకి తువ్వాలు.

"వద్దమ్మా. పోయిన నెలలో సూదేయిస్తే మా మనవడికి రెండ్రోజులు జొరం. తల్లి కోతకి రాలా. ఇయాళ ఈ చేను తెగాల, రేపు లారీ వచ్చిద్ది."

"ఇది సూది కాదు బాబాయ్, నోట్లో చుక్కలు. దీనికి జొరం రాదు" అంది అక్క బండి దిగుతూ. "పత్తి కూడా తీస్తారుగా మీరు. నువ్వు మందు కొట్టి, పక్క చేనోడు కొట్టకపోతే, నీ చేలో పురుగు ఆగిద్దా?"

"యాడ ఆగిద్ది. గట్టు దాటొచ్చిద్ది."

"పిల్లలకీ అంతే. ఊరంతా వేయించి, ఈ గుడారాల్లో వెయ్యకపోతే, మీ పిల్లలకి ఆధారం లేదు, మా పిల్లలకి లేదు."

మేస్త్రి అక్క మాట విన్నాడో, అక్క గట్టు దిగి నడిచి వచ్చిన తీరు చూశాడో నేను చెప్పక్కర్లేదు. తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. "ఏసుకో తల్లీ. కోత మాత్రం ఆపమాకండి" అన్నాడు.

తుమ్మచెట్టు నీడలో ఒక ముసలమ్మ పిల్లలందరినీ పెట్టుకుని కూర్చుంది. నడిచే పిల్లలతో చిక్కు లేదు. నేను ఆ అని నోరు తెరిచి చూపిస్తే వాళ్లూ తెరిచారు. అక్క చుక్కలు వేసింది, నేను గోళ్లకి గుర్తులు పెట్టాను. చివరికి మూడు కర్రలకి కట్టిన చీర ఉయ్యాల్లో ఒక పసిపిల్ల మిగిలింది. రెండు మూడు నెలలుంటాయేమో. నుదుట పెద్ద కాటుక చుక్క. ముసలమ్మ ఉయ్యాలకి చెయ్యి అడ్డం పెట్టి, తల్లి రాందే ముట్టుకోనివ్వనంది. కేక వేసి తల్లిని పిలిచారు.

మిరపసాళ్లలో నుంచి ఒక అమ్మాయి వచ్చింది. నా ఈడే ఉంటుంది. చేతులు రెండూ ఒంటికి దూరంగా పట్టుకుని నడుస్తోంది. పచ్చికాయ, పండుకాయ పొద్దుటి నుంచి కోసిన చేతులు మోచేతుల దాకా మండుతాయి. కోతలకి వెళ్లినవాళ్లకి తెలుసు. కొబ్బరినూనె రాసుకున్నా మండుతాయి. ఆ చేతులతో కన్ను నలుపుకోరు, పిల్లని ముట్టుకోరు. సాయంత్రం మజ్జిగతో, కుడితినీళ్లతో కడుక్కున్నాకే ఏదైనా.

అక్క సంగతి చెప్పి, "పిల్లనెత్తుకుని బుగ్గలు పట్టుకో అమ్మా, రెండు చుక్కలు వేస్తా" అంది.

ఆ అమ్మాయి ఉయ్యాలలోకి తొంగి చూసి నవ్వింది. "చేతులు మండతన్నయి టీచరమ్మా. ముద్దు పెట్టుకుందామన్నా మూతి కాలిద్దని బయం. సాయంత్రం సుబ్బరంగా కడుక్కుని, నేనే ఊళ్లోకి తీసుకొచ్చి తర్వాత వేయిస్తాలే."

సబబైన మాట. నాకు అందులో తప్పేమీ కనపడలేదు. "సరే, బడి దగ్గరికి తీసుకురా" అని బండి తిప్పబోయాను.

"తర్వాత లేదు" అంది అక్క.

అక్క గొంతు అలా లేవడం నేనెప్పుడూ వినలేదు. మా ఇంట్లో గొంతు నాది. అక్కది మెత్తటి మాట, అదొక గొప్ప దానికి. ఆ అమ్మాయి నవ్వు ఆగిపోయింది. సాళ్లలో వంగి ఉన్నవాళ్లు తలలెత్తి చూశారు.

"వస్తానంటున్నాగా..."

"రావు. చేను తెగేసరికి పొద్దుగూకిద్ది. చేతులు కడిగి, పొయ్యి రాజేసి, సామాను మూట కట్టి, అప్పుడొస్తావా? ఇప్పుడే వెయ్యాలి. వేసేదాకా నేనిక్కడి నుంచి కదల్ను." అక్క నిజంగానే నల్లమట్టిలో చతికిలబడింది. బూటు కాలు పక్కకి చాపుకుని, డబ్బా ఒళ్లో పెట్టుకుంది.

"చేతులు మండతన్నయంటే అర్థం కాదేందమ్మా..." ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నీ చేతులెవరు అడిగారు? మా చెల్లి చేతులున్నయి." నా వైపు తిరిగి, "చెయ్యి కడుక్కో" అంది.

ఊళ్లో అందరి పిల్లలకీ అక్క చేతి మందు. నా చేతులు ఉన్నాయని ఆమెకి ఇంతకాలానికి గుర్తొచ్చింది. ముసలమ్మ కుండలో నీళ్లు వంపితే బండి నూనె పోయేదాకా రుద్దుకుని, ఉయ్యాలలో నుంచి పిల్లని ఎత్తుకున్నాను. పసిపిల్లని అంతకు ముందెప్పుడూ ఎత్తుకోలేదు నేను. మెడ నిలవడం లేదు. గుక్క పట్టింది. బుగ్గలు నొక్కమంటుంది అక్క. నొక్కితే ఏమవుతుందో అని నాకు భయం. తల్లి రెండు చేతులూ గాలిలో పెట్టుకుని, పిల్ల మీదికి వంగి, ఊరుకో నా తల్లీ ఊరుకో అంటోంది. ముట్టుకోలేదు. జాకెట్టు ముందంతా పాలతో తడిసిపోయింది.

ఒక చుక్క. రెండో చుక్క. పిల్ల చప్పరించి, మింగి, వింతగా నన్ను చూసింది. పిల్ల చిటికెనవేలి గోటికి అక్కే గుర్తు పెట్టింది.

"టీచరమ్మ చెయ్యి చల్లనిది, చూడు ఎట్టా ఊరుకుందో" అంది ముసలమ్మ. పిల్లని పట్టుకుంది నేను. పేరు దానికి. అలవాటైపోయిన సంగతే, అయినా ఒళ్లు మండింది.

తిరిగి వచ్చేటప్పుడు కాలవ మీద తూము దగ్గర బండి ఆపాను. అక్క ముఖం తుడుచుకోవడం అద్దంలో కనపడింది.

"సాయంత్రం వచ్చేదిగా పాపం. ఎందుకట్టా అరిచావ్?"

"వచ్చేది కాదు."

"నీకెట్టా తెలుసు?"

"అమ్మ రాలేదుగా" అంది.

నాకు అర్థం కాలేదు. మా ఇంట్లో ఆ కాలు గురించి నేను విన్నదల్లా జ్వరమొచ్చి పడిపోయింది, దేవుడు అలా రాశాడు అనే. అక్క డబ్బా మూత మీద వేలితో గీతలు గీస్తూ చెప్పింది.

"నాకప్పుడు మూడో నెలంట. అమ్మ కల్లంలో ఎండుమిరపల్లో తాలుకాయలు ఏరతందంట. అప్పటి నర్సమ్మ డబ్బా పట్టుకుని కల్లానికే వచ్చిందంట. పిల్ల బుగ్గలు పట్టుకోమ్మా అంటే, చేతులు మండతన్నయి, పిల్ల మూతి కాలిద్ది, కడుక్కుని తర్వాత వేయిస్తాలే అందంట. ఈ అమ్మాయి ఏమందో అదే. మజ్జిగతో కడుక్కుని నన్నెత్తుకుని వెళ్లేసరికి నర్సమ్మ బస్సెక్కి వెళ్లిపోయింది. మళ్లీ నర్సమ్మ వచ్చినప్పుడు అమ్మ చేలో ఉంది. ఆ తర్వాత వానలు. ఆ తర్వాత నాకు జొరం. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు నాయనమ్మ చెప్పింది. నాకు తెలుసని అమ్మకి తెలియదు. ఆ రోజు చుక్కలు పడితే కాలు దక్కేదని ఎవరూ రాసివ్వలేరులే. దక్కేదనే అనుకుంటది అమ్మ."

"నీకు కోపం రాలేదా?"

"అమ్మ మీదెందుకు? పిల్ల మూతి మండకూడదనుకుంది. నా కోపం నీ మీద."

"నా మీదా? నేనేం చేశా?"

"నువ్వు పుట్టిన ఏడు అమ్మ కోతలకే పోలా. నీకు చుక్కలేయించాలంటే ముందురోజు నుంచి కారం ముట్టుకునేది కాదు. కూరలో నాయనమ్మ వేసేది. పొద్దున్నే, నర్సమ్మ తలుపు తియ్యకముందే మెట్ల మీద కూర్చోవాలని పరిగెత్తేది. నేనూ వస్తానని ఏడ్చేదాన్ని. ఇద్దర్నీ ఎత్తుకోలేదుగా. నన్ను అరుగు మీద దించేసి, నిన్ను చంకనేసుకుని పరిగెత్తేది. నేను చూస్తా కూర్చునేదాన్ని. నాకోసం ఒక్కసారి అట్టా పరిగెత్తి ఉంటే సరిపోయేదిగా అని ఎంత కుళ్లుకునేదాన్నో. ఇప్పటికీ కుళ్లే. నువ్వు నడక నేర్చాక అమ్మకి వేరే పనే లేదు. ఎటు పోతే అటు నీ కాళ్ల వంకే చూసేది. నా కాలికి రోజూ నూనె పడతది. చూడదు. గోడ వైపు చూస్తా పడతది. నువ్వు గమనించలా?"

గమనించలేదు. నేను అమ్మ చేతులు చూశాను. అన్నేళ్లూ ఎదురుగా కూర్చుని, కళ్లు ఎటు చూస్తున్నాయో చూడలేదు.

జాలిపడాల్సిన చోట నాకు జాలి రాలేదు, ఉన్నమాటే చెబుతున్నాను. ఉక్రోషం వచ్చింది. గుడ్డు తిని, మీగడ తిని, పూరీ తిని, చివరికి కుళ్లుకోవడంలో కూడా నాకంటే దానికే ఎక్కువ హక్కు ఉందని తేలింది. ఆ ఒక్కటైనా నాకు వదిలిపెట్టకూడదా? "ముందే చెప్పొచ్చుగా" అన్నాను. "చెప్తే ఏం చేసేదానివి?" అంది. బండి స్టార్టు చేశాను. అక్క ఎప్పుడూ సీటు పట్టుకుని కూర్చునేది, ఆ రోజు నా నడుం పట్టుకుంది.

ఇప్పుడు మా వైపు ఆ ఇనప బద్దల బూటు వేసుకున్న పసిపిల్ల ఒక్కతీ కనపడదు. ఆ ఉయ్యాల్లో పిల్ల ఎక్కడుందో, ఎవరింటికి కోడలయిందో నాకు తెలియదు. రెండు కాళ్ల మీద నడుస్తూ ఉండి ఉంటుంది. అలా నడుస్తున్నందుకు ఆమెని కూడా ఎవరూ పట్టించుకుని ఉండరు.

ఆ రోజు మేం ఇంటికి వచ్చేసరికి అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. అక్క ముందు దిగింది. తొడకి చెయ్యి ఆనించి, డబ్బా రెండో చేత్తో పట్టుకుని మెట్టు ఎక్కింది. నేను బండికి స్టాండు వేసి, ఇటు తిరిగి, అమ్మ కళ్ల వైపు చూశాను.

"ఎండన పడి తిరిగొచ్చావు, లోపలికి పోయి కాసేపు నడుం వాల్చవే" అంది అమ్మ అక్కతో. చూపు మాత్రం నా కాళ్ల మీదే ఉంది.